కాగితంపై చదరంగం

ఆధునిక గణనశాస్త్రానికి పునాది వేసిన ఆలన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో జన్మించాడు. తండ్రి జూలియస్ మద్రాసు రాజధానిలో ఐ.సి.ఎస్. అధికారి. కోస్తాంధ్ర, రాయలసీమలు నాడు ఆ రాజధానిలోనివే. తల్లిదండ్రుల కొలువు ఇక్కడ, బిడ్డల పెంపకం అక్కడ. అందుచేత ఆయన బాల్యం చాలావరకు ఇతరుల సంరక్షణలో గడిచింది.

కంప్యూటర్ పుట్టకముందే, 1936లో, దాని స్వరూపాన్ని గణితపరంగా ఊహించి వివరించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనుల రహస్య సంకేతాలను ఛేదించడంలో ప్రధానపాత్ర వహించాడు. 1948లో మిత్రుడు ఛాంపర్‌నౌన్‌తో కలిసి చదరంగమాడే ప్రోగ్రామును రూపొందించాడు. దానిని నడపగల యంత్రం అప్పటికి లేదు. కనుక 1952లో తానే యంత్రమై, కాగితంపై లెక్కలు కట్టుతూ, ఒక్కొక్క ఎత్తుకు సుమారు అరగంట వెచ్చించి ఆడాడు. తన తెలివిని పక్కనబెట్టి, నియమాలు చెప్పిన ఎత్తునే వేయాలన్నది పద్ధతి. మేధావికి ఇంతకన్న కఠినమైన పరీక్ష ఏముంటుంది? ప్రత్యర్థి ఆలిక్ గ్లెన్నీ 29 ఎత్తులలో గెలిచాడు.

ఆ సంవత్సరమే స్వలింగ సంబంధం నేరమని న్యాయస్థానం ట్యూరింగ్‌ను శిక్షించింది. 1954 జూన్ 7న, 41 ఏండ్ల వయసులో, సైనైడ్ విషంవల్ల మరణించాడు. బ్రిటన్ రాణి క్షమాభిక్ష 2013లో గాని రాలేదు. క్షమించవలసినది ఎవరు, ఎవరినో!

1997లో సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించగల డీప్ బ్లూ, ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. ట్యూరింగ్ పేరిట వెలసిన పురస్కారాన్ని అంతకు మూడేళ్ళ ముందే మన తెలుగువాడైన రాజ్ రెడ్డి అందుకున్నాడు.