గిడుగు రామమూర్తి: పిల్లలకు అర్థమయ్యే తెలుగు కోసం జీవితమంతా పోరాడిన మాస్టారు

పిల్లాడు ఇంట్లో 'పోతున్నాడు' అంటాడు. పుస్తకంలో మాత్రం 'పోవుచున్నాడు' అని ఉంటుంది. వందేళ్ల క్రితం తెలుగు పాఠం చదవాలంటే ముందు తెలుగు మాటలకే అర్థాలు బట్టీ పట్టాలి. తప్పు పిల్లాడిది కాదు, పుస్తకంలోని భాషదే అని గట్టిగా చెప్పిన మాస్టారు గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

అడవి బడి నేర్పిన పాఠం

శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన క్లాస్‌మేట్. 1880లో పర్లాకిమిడిలో టీచర్‌గా చేరారు.

ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలకు తెలుగు పాఠాలు ఎక్కడం లేదు. దాంతో గిడుగే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే పుస్తకాలు తయారు చేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆ తిరుగుళ్లలో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. అయినా పని ఆపలేదు.

పండితులతో ఢీ

సొంత భాషలో చెబితే సవర పిల్లలకు చదువు వస్తుంది. మరి తెలుగు పిల్లలకు వాళ్లు మాట్లాడే తెలుగులో పాఠం ఎందుకు ఉండకూడదు? స్కూళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చిన జె.ఏ. యేట్స్‌కూ ఇదే అనుమానం. అక్కడి నుంచే వాడుక భాషా ఉద్యమం ఊపందుకుంది.

స్కూల్ ఫైనల్ పరీక్షలో వాడుక భాషలోనూ రాయొచ్చని మద్రాసు ప్రభుత్వం ఒప్పుకుంది. పండితులు భగ్గుమన్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. గిడుగు మాత్రం తగ్గలేదు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే తప్పులు ఏరి చూపించారు. పండితులకే పట్టుబడని భాష పదేళ్ల పిల్లాడికి ఎలా వస్తుంది? ఇదీ ఆయన వాదన.

చూడలేకపోయిన గెలుపు

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలవడంతో, అన్నేళ్లు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అప్పటికీ పాఠ్యపుస్తకాలు చాలావరకు గ్రాంథికంలోనే ఉన్నాయి. ఆ తర్వాతే పత్రికలు, పాఠాలు ఒక్కొక్కటిగా ఆయన దారికొచ్చాయి.

ఇవాళ ఫోన్‌లో ఒక తెలుగు వార్త నిఘంటువు లేకుండా చదవగలుగుతున్నామంటే, దాని వెనక ఈ మాస్టారి పోరాటం ఉంది.