రికార్డుని వండుకుని తిన్నవాడు

బాస్ అంటే మనకి ఆఫీసులో పని చెప్పేవాడు గుర్తొస్తాడు. లేదా క్యాంటీన్ దగ్గర మనం ఒకళ్ళనొకళ్ళం పిలుచుకునే పిలుపు. అమెరికాలో గాలం వేసేవాళ్ళకి మాత్రం బాస్ అంటే ఒక మంచినీటి చేప. అందులోనూ పెద్ద నోరున్న లార్జ్‌మౌత్ బాస్ అంటే వాళ్ళకి పిచ్చి. వాళ్ళలో జార్జ్ పెర్రీ పేరు తెలియనివాళ్ళు ఉండరు. ఆయన కథ చదివాక మన క్లబ్‌లో అందరికీ చెప్పాలనిపించింది.

1932లో పెర్రీకి 20 ఏళ్ళు. అంటే మన సీనియర్ల వయసు. ఉండేది జార్జియా రాష్ట్రంలో ఒక పల్లెటూరు, చేసేది వ్యవసాయం. అమెరికా అంతా గ్రేట్ డిప్రెషన్‌లో కూరుకుపోయిన రోజులవి. తండ్రి పోయాడు. అమ్మ, తోబుట్టువులు అందరి తిండి బాధ్యతా ఇతని మీదే పడింది. చేపలు పట్టడం అతనికి సరదా కూడా, కానీ ముందు అది ఇంటికి కూర.

జూన్ 2న వాన పడి పొలం దున్నడానికి వీల్లేకుండా పోయింది. పెర్రీ, స్నేహితుడు జాక్ పేజ్ కలిసి మాంట్‌గోమరీ లేక్‌కి వెళ్ళారు. పేరుకి లేక్ కానీ, అది ఆక్‌మల్గీ నది దారి మార్చుకున్నప్పుడు పక్కన మిగిలిపోయిన పాత పాయ. ఇద్దరికీ కలిపి ఒకటే గాలపు కర్ర, వంతులవారీగా వేసుకున్నారు. పెర్రీ వంతులో ఎర గట్టిగా పట్టేసింది. ఏ దుంగకో తగులుకుందేమో అనుకున్నాడు. తర్వాత ఆ దుంగ కదిలింది!

పైకి తీస్తే ఎప్పుడూ చూడనంత పెద్ద బాస్. హెలీనా అనే ఊళ్ళో తూకం వేస్తే 22 పౌండ్ల 4 ఔన్సులు వచ్చింది, అంటే 10 కిలోల పైన. పొడవు 32 అంగుళాల పైనే. ఫీల్డ్ అండ్ స్ట్రీమ్ అనే పత్రిక పెద్ద చేపల పోటీ పెడుతోందని తెలిసి కొలతలు పంపించాడు. మరి చేప? ఇంటికి పట్టుకెళ్తే అమ్మ వండింది, అందరూ తిన్నారు. పోటీలో గెలిస్తే వచ్చింది 75 డాలర్ల విలువైన సరుకులు. 1934లో ఇంకో పెద్ద బాస్‌తో అదే పోటీ మళ్ళీ గెలిచాడు. అంటే మొదటిది గాలివాటం కాదన్నమాట.

ఇది ఎంత అరుదో తెలియాలంటే బాస్ గురించి కొంచెం తెలియాలి. చలికాలమంతా ఇవి లోతు నీళ్ళలో ఉంటాయి. వసంతంలో నీళ్ళు వెచ్చబడగానే ఒడ్డు వైపు వస్తాయి. మగ చేప తోకతో అడుగుని ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతే కాపలా కాసేది మగదే. మన కొరమీను కూడా పిల్లల్ని ఇలాగే కాపాడుకుంటుంది కదా. గూటి దగ్గరికి ఏం వచ్చినా, ఆకలి లేకపోయినా సరే, మీద పడి కరుస్తుంది. పైగా గుడ్లు పెట్టక ముందు ఆడ చేప బరువు బాగా ఎక్కువ. అందుకే రికార్డు వేటగాళ్ళు వసంతంలోనే సరస్సుల చుట్టూ తిరుగుతారు. పెర్రీకి దొరికింది వసంతం చివర్లో, జార్జియాలో గూళ్ళ సందడి అయిపోయాక. లెక్కలేసుకుని వెళ్ళింది కాదు, వాన పడిందని వెళ్ళింది.

ఆ తర్వాత ఆయన విమానం నడపడం నేర్చుకున్నాడు. జార్జియాలోనే బ్రన్స్‌విక్‌లో విమానాల వ్యాపారం పెట్టుకున్నాడు. రికార్డుని అడ్డం పెట్టుకుని బతకలేదు. 1974లో అలబామాలో బర్మింగ్‌హామ్ దగ్గర విమానం కూలి చనిపోయాడు.

చేప లేదు, దాచిన అస్థిపంజరం లేదు, ఆయన బతికుండగా ప్రపంచానికి చూపించిన ఫోటో లేదు. అందుకని నమ్మనివాళ్ళు చాలామందే ఉన్నారు. స్క్రీన్‌షాట్ లేకపోతే మనమూ దేన్నీ నమ్మం కదా. కానీ ఒకటి ఆలోచించండి. ఇంట్లో ఐదుగురికి తిండి పెట్టాల్సిన కుర్రాడు 10 కిలోల చేపని సాక్ష్యం కోసం ఎందుకు దాస్తాడు? ఫ్రిజ్ లేని ఇంట్లో ఎక్కడ దాస్తాడు?

2006 మార్చిలో కాలిఫోర్నియాలోని డిక్సన్ లేక్‌లో 25 పౌండ్ల పైన తూగిన బాస్ ఒకటి దొరికింది. అయితే గాలం నోటికి కాకుండా ఒంటికి గుచ్చుకుంది. పట్టినవాళ్ళు దాన్ని నీళ్ళలో వదిలేశారు, రికార్డు అడగలేదు. 2009 జులైలో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేప పెర్రీ చేప కంటే ఒక ఔన్సు ఎక్కువ తూగింది. పాత రికార్డు పోవాలంటే కనీసం 2 ఔన్సుల తేడా ఉండాలని నియమం. కాబట్టి ఇద్దరికీ సమానమని ప్రకటించారు. 77 ఏళ్ళ తర్వాత కూడా పెర్రీ పేరు చెరిగిపోలేదు.

మాంట్‌గోమరీ లేక్ ఇప్పుడు పూడిపోయింది. ఆ దగ్గర్లో రోడ్డు పక్కన ఆయన చేప గురించి చెప్పే ఫలకం ఒకటి ఉంది. నాకైతే ఆ ఫలకం కంటే ఆ రాత్రి వాళ్ళింట్లో వంటిల్లు ఎలా ఉండుంటుందో చూడాలనిపిస్తుంది. ప్రపంచ రికార్డు పొయ్యి మీద ఉడుకుతోంది, పిల్లలు ఎప్పుడు వడ్డిస్తారా అని చూస్తున్నారు.