పొగలో శక్తిని చూసిన బ్యూషి

మన పిల్లలు కొంటున్న చిన్న కార్ల వెనుక ‘టర్బో’ అని రాసి ఉండడం మనలో చాలామంది చూసే ఉంటారు. దానికి ఆద్యుడు ఆల్ఫ్రెడ్ బ్యూషి. 1879లో స్విట్జర్లాండులోని వింటర్‌తుర్‌లో జన్మించారు. జ్యూరిచ్‌లో ఇంజనీరింగు చదివారు. ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు సైలెన్సరు గుండా వేడిగా వృథా పోతోందన్నదే ఆయన దిగులు. ఆ పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో గాలిని ఒత్తి సిలిండరులోకి పంపాలన్నది ఆయన ఆలోచన. గాలి పెరిగితే ఇంధనమూ ఎక్కువ మండుతుంది. చిన్న ఇంజనే పెద్ద పని చేస్తుంది. 1905లో, 26వ ఏట, దీనికి పేటెంటు తీసుకున్నారు.

పేటెంటు కాగితంతో ఇంజను నడవదు కదా! సుల్జర్ కంపెనీలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసినా ఫలితం అంతంతమాత్రమే. ఒక్క ఇంక్రిమెంటు ఆగితేనే మనం ఎంత కుంగిపోయేవాళ్లం! ఆయన ఇరవై ఏళ్లు ఓపిక పట్టారు. 1925లో మెరుగైన పద్ధతికి మళ్లీ పేటెంటు పొందారు. రెండు జర్మన్ ప్రయాణికుల ఓడలలో డీజిల్ ఇంజన్ల శక్తి 1750 హార్స్‌పవర్ నుంచి 2500కు పెరిగింది.

1959లో కన్నుమూశారు. టర్బో కార్లు అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1962లో.