హంగేరీ రాజకుమార్తె ఎలీసబెతు

రాజకుమార్తె అనగానే పట్టుపరుపులు, దాసదాసీ జనము మన కన్నులకు కట్టును. ఆ భోగముల మధ్య పెరిగిన పసిబిడ్డ మనస్సును విచారించువారు అరుదు. అట్టి యొక బిడ్డ జీవితమును ప్రియ సంఘస్థుల యెదుట ఉంచుటకు మేము పూనుకొంటిమి.

ఎలీసబెతు 1207లో జన్మించెను. తండ్రి హంగేరీ రాజగు రెండవ ఆండ్రూ, తల్లి గెర్‌ట్రూడ్. ఆ దినములలో రాజులు పిల్లల పెండ్లిండ్లతో పొత్తులు కుదుర్చుకొనుచుండిరి. నాలుగేండ్ల ప్రాయమున, 1211లో, ఈ చిన్నదానిని జర్మనీ దేశములోని తురింగియ ప్రభువు ఇంటికి కాబోవు కోడలిగా పంపివేసిరి. రెండేండ్లకే స్వదేశమున ఆమె తల్లి హత్యకు గురియయ్యెను. 1216లో ఆ యింటి పెద్దకుమారుడును మరణించెను. ఆమె తల్లిలేనిది, పరాయి యింట దిక్కుతోచనిది ఆయెను.

ఆమె ఎట్లు పెరిగెనో మనకు తెలియుటకు కారణము ఆమె పరిచారికలు. ఆమె మరణానంతరము నలుగురు స్త్రీలు విచారణ జరిపినవారి యెదుట సాక్ష్యమిచ్చిరి. వారిలో ఒకామె చిన్ననాటినుండి ఆమెతో ఆడుకొనినది. ఒంటికాలిమీద గెంతు ఆటలో తోటి పిల్లలను తరుముచు ఎలీసబెతు దేవాలయమువైపే పోయెడిదట. ఆటలో గెలిచినదానిలో పదియవ వంతు బీద బాలికలకిచ్చి, ప్రార్థన చేయుడని వారిని కోరెడిదట. కోటలో కొందరికి ఈ పోకడలు నచ్చలేదు. పుట్టింటికి తిరిగి పంపివేయుదమనిరి. కాని రెండవ కుమారుడగు లూద్విగ్ ఆమెను విడువలేదు. 1221లో, ఆమె 14వ యేట, వారికి వివాహమయ్యెను. రాజకీయముకొరకు కుదిర్చిన ఆ పెండ్లి నిజమైన ప్రేమగా మారినది.

ఎలీసబెతు ఒడిలోని రొట్టెలు గులాబీలైన కథను అనేకులు వినియుందురు. అది తరువాతి కాలమున అల్లిన కథ. పరిచారికలు చెప్పినది అంతకంటె గొప్పది. భోజనపు బల్లయొద్ద ఆమె ప్రతి పదార్థమును గూర్చి, ఇది ఎక్కడనుండి వచ్చినదని అడిగెడిది. బీదలయొద్ద అన్యాయముగా గుంజుకొనినదని తెలిసినయెడల ముట్టెడిది కాదు. విందులో కూర్చుండియు ఆకలితో లేచిన దినములు కలవు. లూద్విగ్ దీనికి అడ్డు చెప్పలేదు.

1226లో గొప్ప కరవు వచ్చెను. భర్త ఇటలీలో ఉండెను. ఎలీసబెతు ధాన్యపు కొట్లు తెరిపించి దినదినము బీదలకు పంచిపెట్టెను. వార్ట్‌బర్గ్ కోట క్రింద ఆసుపత్రి పెట్టి, ఆ నిటారు దారిని దిగివచ్చి రోగులకు స్వయముగా పరిచర్య చేసెను. కోతకాలము రాగానే, పనిచేయగలవారికి చొక్కాలును చెప్పులును కొడవళ్లును ఇచ్చి పొలములకు పంపెను. అన్నముపెట్టి ఊరకుండక, వారిని తమ కాళ్లమీద నిలువబెట్టిన వివేకము మనము గమనింపదగినది.

1227లో క్రూసేడు యుద్ధమునకు బయలుదేరిన లూద్విగ్ దారిలోనే, ఇటలీలోని ఒట్రాంటో వద్ద జ్వరముతో మరణించెను. అప్పటికి 20 ఏండ్లయిన ఎలీసబెతు ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె కోటను విడిచి, తరువాత మార్బర్గు చేరెను. తనకు దక్కిన సొమ్ముతో 1228లో అచ్చట ఆసుపత్రి కట్టించి, బూడిదరంగు ముతక బట్ట కట్టి, కుష్ఠరోగులను సేవించెను.

ఇచ్చట మేము ఒక సంగతిని దాచలేము. ఆమె ఆత్మీయ గురువగు కాన్రాడ్ మిక్కిలి కఠినుడు. ఆమెను కొట్టించెను, చిన్ననాటి చెలికత్తెలను సహితము దూరము చేసెను. ఆమె తన బిడ్డలనుండియు వేరాయెను. కడగొట్టు కుమార్తెను రెండేండ్లయినను నిండకమునుపే సన్యాసినుల మఠమునకు అప్పగించిరి. నాలుగేండ్లకే తల్లి ఒడి కోల్పోయినామె తన బిడ్డను అట్లే పోగొట్టుకొనెను. దీనిని తలంచునప్పుడు మా మనస్సు కలతనొందును. భక్తి పేరిట జరిగినదంతయు మేలని మేము చెప్పజాలము.

1231 నవంబరులో, 24వ యేట, ఆమె కన్నుమూసెను. 1235లో పోపు తొమ్మిదవ గ్రెగరీ ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించెను. ఆ యేడే మార్బర్గులో ఆమె సమాధిపై గొప్ప దేవాలయమునకు పునాది వేసిరి. ఆమె నివసించిన వార్ట్‌బర్గ్ కోటలోనే, 1521లో తలదాచుకొనిన మార్టిన్ లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసెను.

ప్రియులారా, కోట పెద్దలు ఆ బిడ్డకు దొరసానితనము నేర్పగోరిరి. ఆమె నేర్చుకొనినది వేరొకటి. మన బిడ్డలకు మంచి భోజనము పెట్టవలెనని మనమందరము పాటుపడుచున్నాము. ఆ భోజనము ఎక్కడనుండి వచ్చినదని వారు అడిగిన దినమున, తల వంచుకొనక జవాబు చెప్పగల తలిదండ్రులమై యుందుము గాక.