మట్టిపాత్రల మాట విన్న జార్జి డెన్నిస్

గ్రంథములు నశించిన జాతి చరిత్రను తెలిసికొనుట ఎట్లు? ఇటలీ దేశమున ఆర్నో, టైబరు నదుల నడుమ, రోము ప్రాబల్యమునకు రాకమునుపే, గొప్ప నగరములు నిర్మించుకొని వర్ధిల్లిన ఎట్రుస్కనుల విషయమున ఈ ప్రశ్న తప్పదు. వారి లిపిని నేడు చదువగలము గాని ఆ భాషలో మనకు అర్థమగునది స్వల్పము. వారి వాఙ్మయము దాదాపుగా రూపుమాసినది. మిగిలినవి సమాధులు, వానిలో మృతులకు తోడుగా ఉంచిన వస్తువులు. ఆ వస్తువులలో సామాన్యమైన మట్టిపాత్రకు సైతము విలువ కలదని గుర్తించినవారిలో జార్జి డెన్నిస్ స్మరణీయుడు.

ఆయన 1814లో లండను నగరమునందలి హాక్నీలో జన్మించెను. తండ్రి ఎక్సైజు శాఖలో ఉద్యోగి. 15వ యేటనే డెన్నిస్ చదువు మాని అదే శాఖలో గుమాస్తాగా చేరెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కకున్నను, స్వయంకృషిచే గ్రీకు, లాటిన్ మున్నగు భాషలను అభ్యసించెను. దక్షిణ స్పెయిను యాత్రను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1839లో వెలువడెను.

1842లో శామ్యూల్ ఐన్స్‌లీ అను చిత్రకారునితో కూడి ఎట్రుస్కనుల సీమకు బయలుదేరెను. నాడు ఆ తీరభూములు మలేరియాకు నిలయములు. బాటలు లేవు, బస లేదు. డెన్నిస్ పొదలు తొలగించుకొనుచు సమాధులలో ప్రవేశించి, కొలతలు తీసి, గోడల మీది చిత్రములను వర్ణించి వ్రాసికొనెను. 1847 వరకు పలుమార్లు అచట సంచరించెను.

ఆ యాత్రలలో ఆయన హృదయమును మిక్కిలి కలచివేసిన దృశ్యము వుల్చీ అను చోట కంటబడెను. 1828లో అచట పొలము దున్నుచుండగా ఎద్దుల కాళ్లక్రింద నేల క్రుంగి ఒక సమాధి బయటపడినది. ఆ భూమికి యజమాని నెపోలియను తమ్ముడగు లూసియన్ బోనపార్టి. ఆయన తవ్వకములు సాగింపగా నాలుగు మాసములలో 2,000కు పైగా వస్తువులు లభించినవి. బొమ్మలు వ్రాసిన పాత్రలకు ఐరోపా విపణిలో గొప్ప వెల పలికెను. 1840లో ఆయన మరణించిన పిదప భార్య ఆ పనిని కొనసాగించెను. డెన్నిస్ చూచునప్పటికి తుపాకి దగ్గర నుంచుకొని మేస్త్రీ కాపలా కూర్చుండెను. బొమ్మలున్న పాత్ర దొరికిన భద్రపరచుచుండిరి. బొమ్మలు లేని ముతక పాత్రలను, నల్లమట్టి వస్తువులను కాలితో త్రొక్కి నలుగగొట్టుచుండిరి. కొన్నింటినైన తనకిమ్మని ఆయన వేడుకొనెను. యజమానురాలి ఆజ్ఞ కఠినమని మేస్త్రీ నిరాకరించెను. వెల లేని సరకు బయటికి రారాదనియే వారి తలంపు.

ఇందలి విపరీతమును గమనింపవలెను. భద్రపరచిన చిత్రపాత్రలలో అధికభాగము ఏథెన్సు మొదలగు గ్రీకు నగరములనుండి దిగుమతియైనవి. నల్లని పాత్రలు ఎట్రుస్కను కుమ్మరుల సొంత పనితనము. బుచ్చెరో అను పేర ప్రసిద్ధమైన ఈ పాత్రలను క్రీ. పూ. 7వ శతాబ్దిలో వారు తీర్చిదిద్దిరి. ఆవములోనికి గాలి చొరనీయక పొగలో కాల్చుటచే మట్టిలోని ఇనుము మార్పుచెంది, పాత్ర పైనను లోపలను నలుపెక్కును. కనుక వుల్చీలో పాదముల క్రింద నలిగినది కేవలము మట్టి కాదు, ఆ జాతి చేతిపనికి సాక్ష్యము.

డెన్నిస్ ఈ సంగతిని మరుగుపరుపలేదు. 1848లో రెండు సంపుటములుగా వెలువడిన తన మహాగ్రంథమున ఎట్రూరియా నగరములతోను, శ్మశానములతోను పాటు వుల్చీ విధ్వంసమును గూడ వివరించెను. అట్టి గ్రంథము వ్రాసినను ఆయనకు పండితపదవి లభింపలేదు. 1849లో దక్షిణ అమెరికాలోని బ్రిటిషు గయానాకు ఉద్యోగిగా వెడలి అచట సుమారు 14 సంవత్సరములు గడపెను. పిదప దౌత్యోద్యోగమున బెంగాజీ, సిసిలీ, స్మిర్నాలలో పనిచేయుచు బ్రిటిషు మ్యూజియము కొరకు తవ్వకములు జరిపెను. 1878లో తన గ్రంథమును సంస్కరించి మరల ప్రకటించెను. 1885లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చినది. 1898లో ఆయన లండనులో కన్నుమూసెను.

ఆయన కాలమున సమాధులను తవ్వుటయే పరిపాటి. తరువాతి శాస్త్రజ్ఞులు కుమ్మరి పనిచేసిన తావులను గూడ వెదకిరి. సియెనా నగరమునకు దక్షిణమున ముర్లో వద్ద 1966లో ఆరంభమైన తవ్వకములలో, క్రీ. పూ. 600 ప్రాంతమున అగ్నికి ఆహుతియైన ఒక కార్యశాల బయల్పడినది. అచట ఆరబెట్టిన ఇంటికప్పు పెంకులపై, పచ్చిమట్టిని త్రొక్కుచు పరుగెత్తినవారి అడుగుజాడలు నిలిచియున్నవి. ఫ్లారెన్సుకు ఈశాన్యమున ముజెల్లో లోయలో, పొజ్జో కొల్లా కొండ చెంత, కుండలు కాల్చిన ఆవములు లభించినవి. ఇట్టి చోట్ల పగిలిన పాత్రయు, కాల్పు చెడిన పాత్రయు పారవేయదగినవి కావు. ఒక్కొక్క కుండపెంకునకు సంఖ్య వేసి, దొరికిన పొరను, లోతును లిఖించి భద్రపరతురు.

వుల్చీలో మేస్త్రీ కాదన్న కోరిక ఈ విధముగా శాస్త్రధర్మమైనది. విపణి నిర్ణయించు వెల వేరు, విద్య నిర్ణయించు విలువ వేరు. ఈ భేదమును మన విద్యార్థులకు బోధింపదలచిన ఉపాధ్యాయునకు ఈ గుమాస్తా జీవితముకంటె చక్కని పాఠము అరుదు.