లెక్కల పరీక్ష రాయలేకపోయిన బిషప్ అజరయ్య గారు



మొన్న త్రైమాసిక పరీక్షల్లో లెక్కల పరీక్ష రోజున నాకు చలిజ్వరం వచ్చి రాయలేకపోయాను. అందరూ హాల్లో రాస్తుంటే నేనొక్కణ్ణీ దుప్పటి కప్పుకొని ఏడ్చాను. అందుకే ఈసారి గోడపత్రికకు అజరయ్య గారి జీవితం రాస్తున్నాను. ఆయనకీ ఇలాగే జరిగింది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడు దక్షిణపు కొసన వెల్లాలన్‌విలై అనే పల్లెలో జన్మించారు. తండ్రి పాస్టరు. అజరయ్య గారికి పదిహేనేళ్ళప్పుడే ఆయన చనిపోయారు. తల్లి గారే భక్తిలో పెంచి చదివించారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ ఆఖరి పరీక్షలప్పుడు జబ్బు చేసి లెక్కల పేపరు రాయలేకపోయారు. అంతే, డిగ్రీ రానే లేదు. మళ్ళీ రాయలేదు కూడా. (ఇది మాత్రం మనం నేర్చుకోకూడదని మా లెక్కల మాస్టారు అన్నారు.)

తరవాత వై.ఎం.సి.ఎ.లో ఉద్యోగం దొరికింది. ఊళ్ళు తిరగడం, యువకులతో మాట్లాడడం. 1907లో జపాను కూడా వెళ్ళొచ్చారు. అంతకుముందు 1902లో శ్రీలంకలోని జాఫ్నాకు వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో వేరే చోట్లకు సువార్తికులను పంపడం చూసి సిగ్గుపడ్డారట. మనం ఎప్పుడూ దొరలిచ్చింది తీసుకోవడమేనా అని ఆలోచన పట్టుకుంది. 1903లో తిరునెల్వేలిలో స్నేహితులతో కలిసి ఒక సంఘం పెట్టారు. ఆ సంఘం తెలుగువాళ్ళ దగ్గరకే మనుషుల్ని పంపింది.

1909లో ఉన్న ఉద్యోగం వదిలేసి తానే డోర్నకల్ వచ్చేశారు. మన నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో రైలెక్కి విజయవాడ, ఖమ్మం దాటితే వస్తుంది ఆ ఊరు. అప్పుడది నిజాం రాజ్యం. ఇల్లు లేదు, డేరాలో ఉన్నారు. ముప్పై అయిదేళ్ళ మనిషి అ, ఆల నుంచి తెలుగు దిద్దుకున్నారు. మనలో కూడా ఇంట్లో వేరే భాష మాట్లాడి, బడికొచ్చాక తెలుగు నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు కదా. ఆ కష్టం వాళ్ళకి తెలుసు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని డోర్నకల్ బిషప్‌గా చేశారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. దొరల మీద నల్లవాడు అధికారి ఏమిటని గొణిగినవాళ్ళు ఉన్నారు. ఆయన పట్టించుకోకుండా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. సంఘంలో చేరినవాళ్ళు ఎక్కువమంది మాలలు, మాదిగలు, కూలి చేసుకునేవాళ్ళు. వాళ్ళకు ఆయన చెప్పింది తాగుడు మానమని, దెబ్బలాడుకోవద్దని, ఒకరి పక్కన ఒకరు కూర్చోమని. కులం మాత్రం ఆయన చెప్పినంత తొందరగా పోలేదు. డోర్నకల్ బడిలో పిల్లలు చదువుతో పాటు పొలం పని కూడా చేసేవారు. ఉపదేశకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ళ భార్యలకు కూడా చదువు చెప్పేవారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఆడవాళ్ళ మధ్య చాలా పని చేశారు.

నాకు బాగా నచ్చింది పిడికెడు బియ్యం. ఇంటావిడ వంటకు బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ బియ్యం గుడికి తేవాలి. తమకే చాలని వాళ్ళని ఇవ్వమనడం ఏమిటని మొదట నాకు కోపం వచ్చింది. మా అమ్మని అడిగితే, ఎప్పుడూ చెయ్యి చాపేవాడికి ఒక్కసారి తనూ పెట్టగలిగితే ఎంత సంతోషమో నీకేం తెలుసురా అంది. అజరయ్య గారికి ఆ సంతోషం తెలుసు. దేవుడిచ్చిన ఆనందం పంచితేనే నిలుస్తుందని ఆయన నమ్మకం. ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు.

1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇచ్చి గౌరవించింది. ఆ డిగ్రీకి లెక్కల పేపరు లేదు! డోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద గుడి 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయ్యింది. దూరం నుంచి చూస్తే కోవెలలాగా, మసీదులాగా కూడా ఉంటుంది. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లోనే కన్నుమూశారు. తమిళ దేశం తీసుకెళ్ళలేదు, ఆ గుడి ఆవరణలోనే సమాధి చేశారు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి, కోటవురట్ల