మంటకు చిక్కని మంద

గొర్రెల కాపరి కీర్తన మనకు కంఠతా వచ్చు. కానీ మేస్తున్న గొర్రెను నిలబడి చూసి ఎన్నాళ్లయింది? శామ్యూల్ పామర్ అలా చూసిన మనిషి. పందొమ్మిదేళ్ల వయసులో, 1824లో, ఓ చిన్న పుస్తకం నిండా పెన్సిల్‌తో, సిరాతో చెట్లు, పొలాలు, గొర్రెలు, గాడిదలు గీసుకున్నాడు.

ఆయన 1805లో లండన్‌లో పుట్టాడు. తండ్రి పుస్తకాల వ్యాపారి, బాప్తిస్టు బోధకుడు కూడా. పదమూడో ఏట తల్లి చనిపోయింది. బైబిలు మీద, మిల్టన్ కావ్యాల మీద ప్రేమ కలిగించింది మాత్రం ఆయన్ను పెంచిన దాది మేరీ వార్డ్. అదే 1824లో వృద్ధుడైన విలియం బ్లేక్‌ను కలిశాడు. మందలు, కాపరులు ఉన్న బ్లేక్ చెక్కముద్రలు ఆయన కళ్లు తెరిపించాయి. తర్వాత కెంట్ ప్రాంతంలోని షోర్‌హామ్ గ్రామానికి వెళ్లి, 1835 దాకా అక్కడే గడిపాడు. పైరుతో నిండిన లోయను చూపే 1825 నాటి చిత్రానికి పేరు 65వ కీర్తన నుండే తీసుకున్నాడు. పచ్చిక బయలు ఆయనకు దేవుని మందిరమే.

లోకం మాత్రం మెచ్చలేదు. పెళ్లయ్యాక కుటుంబ పోషణకు చిత్రలేఖనం పాఠాలు చెప్పుకున్నాడు. షోర్‌హామ్ చిత్రాలను ఒక సంచికలో దాచి, నమ్మకమైన కొద్దిమందికే చూపేవాడు. 1847లో చిన్నారి కూతురు, 1861లో పందొమ్మిదేళ్ల పెద్దకొడుకు మరణించారు. ఆ రెండో దెబ్బ నుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదనే చెప్పాలి. అయినా ప్రార్థన మానలేదు, కుంచె వదల్లేదు. ముసలితనంలోనూ కాపరులను, మందలను గీస్తూనే 1881లో కన్నుమూశాడు.

అసలు విషాదం ఆ తర్వాత జరిగింది. తండ్రి జీవితచరిత్ర రాసిన కొడుకే, 1909లో, తండ్రి పుస్తకాలను, చిత్రాలను పెద్ద మొత్తంలో తగలబెట్టాడు. వాటి విలువ ఎవరికీ తెలియదని, పరాయి చేతుల్లో అవమానం పాలవుతాయని ఆయన భయం. మంట రోజుల తరబడి ఆరలేదట! ప్రేమతో చేసిన పనే కావచ్చు. ఎన్ని మందలు బూడిదయ్యాయో లెక్క లేదు.

1926లో లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో మిగిలిన చిత్రాలతో ప్రదర్శన పెట్టారు. అప్పుడు గానీ జనం ఆయన్ను గుర్తించలేదు. 1824 నాటి ఆ చిన్న పుస్తకం మంటకు చిక్కలేదు. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.